శాలువాలు చాలు, సంవత్సరాలు ఇవ్వండి

మన దేశంలో శాస్త్రవేత్తకు సన్మానం జరగాలంటే ముందుగా ఆయన జుట్టు నెరవాలి. పదవీ విరమణ దగ్గరపడిన వేళ ఒక శాలువా, ఒక జ్ఞాపిక, వేదికపై పెద్దల సుదీర్ఘ ప్రసంగాలు, మరునాటి పత్రికలో ఒక ఛాయాచిత్రం. దీనిని నేను తప్పుపట్టను. పెద్దలను గౌరవించడం సంస్కారమే. అయితే ఆ గౌరవం పరిశోధనకు ఉపకరిస్తుందని ఎవరైనా అంటే మాత్రం అంగీకరించను. పని ముగిసిన తరువాత వచ్చే పూలదండ ఆ పనికి ఏ సహాయమూ చేయదు.

ఈ మాటను కీళ్ళవాత వ్యాధుల సందర్భంలో చెప్పడానికి కారణం ఉంది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌ను నేటికీ చాలామంది ముసలితనపు నొప్పిగా భావిస్తారు. అది నిజం కాదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ దారితప్పి సొంత కీళ్ళపైనే దాడి చేయడం వల్ల వచ్చే వ్యాధి అది. పురుషుల కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికం. లూపస్ అయితే పదిమంది రోగులలో దాదాపు తొమ్మిదిమంది స్త్రీలే. వారిలో అత్యధికులు సంతానవయస్సులో ఉన్నవారు. ఇంటిని నడిపే చేతులే వంకరపోయే వ్యాధి ఇది. దీని మూలం రోగనిరోధక శాస్త్రంలో ఉంది. పరిష్కారమూ అక్కడే దొరకాలి.

చరిత్రను చూడండి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం మంచం పట్టిన కీళ్ళవాత రోగికి కార్టిసోన్ ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే రోగి లేచి నడిచింది. రెండేళ్ళకే నోబెల్ బహుమతి వచ్చింది. కానీ వ్యాధి ఎందుకు వస్తుందో తెలియకుండా మంటను మాత్రమే ఆర్పిన మందు అది. దీర్ఘకాలం వాడితే ఎముకలు గుల్లబారడం, ముఖం ఉబ్బడం, మధుమేహం వంటి దుష్ఫలితాలు బయటపడ్డాయి. ఈనాటికీ మన పల్లెల్లో ఊరూపేరూ లేని పొడులలో ఇదే జాతి స్టీరాయిడ్‌ను కలిపి అమ్ముతున్నవారున్నారు. వ్యాధిని అర్థం చేసుకోకుండా నొప్పిని మాత్రమే అణచే వైద్యానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

అర్థం చేసుకునే పని తరువాతి తరం చేసింది. లండన్‌లోని కెనడీ సంస్థలో మార్క్ ఫెల్డ్‌మన్, పంజాబ్‌లోని లుధియానాలో జన్మించిన రవీందర్ మైనీ కలసి టీఎన్‌ఎఫ్ అనే సంకేత ప్రోటీనును అడ్డుకుంటే కీలులోని మంట తగ్గుతుందని నిరూపించారు. 1992లో రోగులపై తొలి ప్రయోగం జరిగింది. 2000లో క్రాఫోర్డ్ బహుమతి, 2003లో లాస్కర్ పురస్కారం వారిద్దరినీ వరించాయి. అర్హులకే దక్కాయి. అయితే ఈ మార్గానికి పునాది వేసిన 1989 నాటి లాన్సెట్ పత్రిక వ్యాసాన్ని తెరిస్తే, రచయితలలో మొదటి పేరు ఫియొనూలా బ్రెనన్ అనే యువ పరిశోధకురాలిది. రోగుల కీళ్ళ నుంచి తీసిన కణాలను పెంచి పరీక్షించిన ఆ పనిలో ముందున్న పేరు ఆమెది. నేడు ఆ తరహా ఇంజెక్షన్లు తీసుకుంటున్నవారిలో ఎందరికి ఆ పేరు తెలుసు?

మరొక ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. రోగనిరోధక వ్యవస్థ అతిగా చెలరేగకుండా అదుపుచేసే కణాలు ఉన్నాయని జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగూచి నమ్మారు. 1980లలో ఆ భావన పరువు కోల్పోయి, అనేకులు ఆ రంగాన్ని విడిచిపెట్టారు. ఆయన విడువలేదు. విడువకుండా ఉండగలగడానికి ఆయన పట్టుదల ఒక్కటే కారణం కాదు. అమెరికాలోని లూసిల్ మార్కీ ధర్మనిధి ఆయనకు ఎనిమిదేళ్ళపాటు ఆర్థిక సహాయం అందించింది. 1995లో ఆయన ఆ కణాలను గుర్తించే మార్గాన్ని ప్రకటించారు. 2017లో కీళ్ళవాత పరిశోధనకు ఇచ్చే క్రాఫోర్డ్ బహుమతి, 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిసి నోబెల్ బహుమతి లభించాయి. నోబెల్ నాటికి ఆయన వయస్సు 74. ఈ రెండు రకాల గౌరవాలలో శాస్త్రాన్ని సృష్టించినది ఏది? నోబెలా, ఆ ఎనిమిదేళ్ళా?

ఈ ప్రశ్నకు మన దేశం ఇస్తున్న జవాబు నిరాశపరుస్తుంది. శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతికి ఒకప్పుడు 5 లక్షల రూపాయల నగదుతోపాటు 65 ఏళ్ళ వయస్సు వరకు నెలకు 15 వేల రూపాయలు అందేవి. 2023లో రూపుదిద్దుకున్న రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారాల వ్యవస్థలో యువ శాస్త్రవేత్తలకు దక్కేది పతకం, ప్రశంసాపత్రం మాత్రమే, నగదు లేదు. వయోపరిమితి 45 ఏళ్ళు. అన్ని శాస్త్రాలకూ కలిపి గరిష్ఠంగా 25 పురస్కారాలు. పదమూడు విభాగాలలో వైద్యం ఒకటి. ఆ ఒక్క విభాగంలో గుండె, క్యాన్సర్, మెదడు పోటీపడగా కీళ్ళవాతానికి మిగిలేదెంత? ఇక 30 ఏళ్ళ పరిశోధకురాలికి మనమిచ్చే గౌరవమేమిటంటే, నెలల తరబడి ఆలస్యంగా వచ్చే ఫెలోషిప్.

“రోగులకు మందులు కొనే స్తోమతే లేదు, పరిశోధకులకు బహుమతులెందుకు? విదేశాల వారు కనుగొంటే మనం వాడుకుంటాము కదా” అని కొందరు మిత్రులు వాదిస్తారు. ఈ వాదన వినడానికి పొదుపుగా కనిపిస్తుంది గాని మనకు పొసగదు. టీఎన్‌ఎఫ్ కేవలం కీళ్ళను కాల్చే నిప్పు కాదు. క్షయ క్రిములను చుట్టుముట్టి బంధించి ఉంచే కణాల గోడ నిలబడటానికి కూడా అదే ఆధారం. దానిని అడ్డుకుంటే శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ మేల్కొనవచ్చు. ప్రపంచ క్షయ రోగులలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ అరుదైన దేశంలో తయారైన మందును మన రోగికి ఎలా, ఎవరికి, ఏ జాగ్రత్తలతో ఇవ్వాలో మనమే తేల్చుకోవాలి. 2005–06లో చికున్‌గున్యా ఆంధ్రప్రదేశ్‌ను చుట్టుముట్టినప్పుడు జ్వరం కొద్ది రోజుల్లో తగ్గినా, కొందరిని కీళ్ళనొప్పులు నెలల తరబడి, మరికొందరిని ఏళ్ళ తరబడి వేధించాయి. ఒకే ఇంట్లో ఒకరు కోలుకుని మరొకరు కుంటడానికి వారి రోగనిరోధక వ్యవస్థలలోని తేడా ఏమిటి? ఈ ప్రశ్న మనది. దీనిని మన పిల్లలే అడగాలి.

బెర్లిన్‌లోని జర్మన్ రుమాటిజం పరిశోధన కేంద్రం, తనకు తొలినాళ్ళలో సారథ్యం వహించిన ఏవ్రియన్ మిచిసన్ పేరిట యువ పరిశోధకులను సత్కరిస్తున్నది. ఆయన మేనమామ జె.బి.ఎస్. హాల్డేన్ భారత పౌరసత్వం స్వీకరించి భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఒక పెద్దాయన పేరు ఒక యువకుని చేతికి ఊతమవడం ఎంత హుందా అయిన సంప్రదాయం! మన వైద్య సంఘాలు దీనిని అనుసరించడానికి అడ్డేమిటి?

నా కోరిక పెద్దది కాదు. పురస్కారం 35 ఏళ్ళలోపు వారికి ఇవ్వండి. ప్రసవం, శిశుపోషణలో గడిచిన సంవత్సరాలను స్త్రీల వయస్సులో లెక్కించకండి. పతకంతోపాటు కనీసం ఐదేళ్ళ జీతం, ప్రయోగశాల ఖర్చు ఇవ్వండి. గురువు పేరుతోపాటు ప్రయోగం చేసిన శిష్యుల పేర్లూ వేదికపై చదవండి. ఐదేళ్ళలో ఫలితం రాకపోతే ఎలా అని భయపడకండి; సరిగా అడిగిన ప్రశ్నకు వచ్చిన “కాదు” అనే జవాబు కూడా ఫలితమే.

పాఠకులకు ఒక విన్నపం. ఉదయం లేవగానే చేతివేళ్ళు అరగంటకు పైగా బిగుసుకుపోయి, అది వారాల తరబడి కొనసాగితే పొడులను ఆశ్రయించక వైద్యుని కలవండి. తొలి నెలల్లో ఆరంభించిన చికిత్స కీలును కాపాడగలదు. ఆ చికిత్స మీకు అందుతున్నదంటే ఎక్కడో ఒక యువ పరిశోధకునికి ఎవరో కొన్ని సంవత్సరాలు దానం చేశారని అర్థం. మీ సంఘం ఈసారి శాలువాలకు చందా అడిగితే, ఆ సొమ్ములో ఒక వంతు అటువంటి దానానికి కేటాయించమని గట్టిగా అడగండి.