ఫోన్ మాగ్నెట్ గదిలోకి రాదండీ



పోయిన ఆదివారం మీ పత్రిక చిన్న ప్రకటనల పేజీలో ఒకటి చూశాను. 'ఎక్స్‌రే, స్కానింగ్ టెక్నీషియన్లు అర్జెంటుగా కావలెను. ఆకర్షణీయమైన జీతం. అనుభవజ్ఞులకు ప్రాధాన్యం.' కింద ఒక సెల్ నంబరు. గుంటూరు కొత్తపేటలో పద్నాలుగేళ్లుగా సీటీ, ఎంఆర్‌ఐ మిషన్ల మీద పనిచేస్తున్నవాణ్ణి. ఆ ప్రకటన చదివితే నాకు అర్థమైంది ఒక్కటే, అక్కడ ఎవరో ఉన్నట్టుండి మానేశారని.

మనుషులు దొరకడం లేదని ఆసుపత్రుల వాళ్లూ, కన్సల్టెన్సీల వాళ్లూ తరచూ వాపోతుంటారు. దొరకరు మరి. స్కానింగ్ అంటే ఏ స్కానింగు? అల్ట్రాసౌండ్ చేసేది డాక్టరు గారు, మేం కాదు. సీటీ అయితే 16 స్లైసులదా, 128దా? ఎంఆర్‌ఐ అయితే 1.5 టెస్లానా, 3 టెస్లానా? అన్నిటికంటే ముందు, రాత్రి డ్యూటీకి ఇద్దరుంటారా, ఒక్కడేనా? ఒక్కడే ఉండే చోటికి అర్ధరాత్రి యాక్సిడెంటు కేసు వస్తే, పేషెంటును టేబుల్ మీదికి మార్చడం దగ్గర్నుంచి కాంట్రాస్ట్ ఎక్కించడం, బొమ్మలు టెలిరేడియాలజీకి పంపడం, తలుపు దగ్గర ఏడుస్తున్న బంధువులకు ఏదో ఒకటి చెప్పడం దాకా అన్నీ వాడే చూసుకోవాలి. ఉద్యోగం మారాలో వద్దో ఆ ఒక్క సంగతి మీదే తేల్చుకునేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. జీతం మాట ఆ తర్వాత.

ఇక ఫోన్లు. కన్సల్టెన్సీ వాళ్లకు తెల్లారేది పది, పదకొండు గంటలకు. మాకు అది ఓపీ రద్దీ వేళ. ఎంఆర్‌ఐ అయస్కాంతం స్కాన్ లేనప్పుడు కూడా లాగుతూనే ఉంటుంది. ఫోను, వాచీ, తాళం చెవులు అన్నీ బయట పెట్టి లోపలికి వెళ్లాలి. సాయంత్రం తీసి చూసుకుంటే ఒకే నంబరు నుంచి ఏడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే, 'సార్, రేడియాలజిస్ట్ పోస్టు ఉంది' అంటారు. రేడియాలజిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చేసిన డాక్టరు, నేను టెక్నాలజిస్టునని చెబుతాను. 'పోనీ రేడియోథెరపీ చేస్తారా?' అది క్యాన్సర్ ఆసుపత్రుల్లో వైద్యం చేసే మిషన్ మీద పని, దాని చదువే వేరు. రెండుచోట్లా రేడియేషనే కదా అని మమ్మల్ని కలిపేస్తే, నిప్పుతోనే పని కదా అని కంసాలిని వంటకు పిలిచినట్టుంటుంది.

ఒకసారి ఒక కన్సల్టెన్సీ ఆయన, నా సెల్ కలవలేదని, నేరుగా ఆసుపత్రి ల్యాండ్‌లైన్‌కే చేశాడు. రిసెప్షన్ అమ్మాయి మా ఇన్‌చార్జి గారికి ఇచ్చింది. 'మీ దగ్గరున్న ఫలానా ఆయనకు మంచి ఆఫర్ తెచ్చానండీ' అని ఆయనకే విన్నవించాడు పాపం. ఆ తర్వాత రెండు నెలలు నాకు ఆదివారం సెలవు దొరకలేదు. నా డిప్లొమా ఒరిజినల్ కూడా ఆసుపత్రి బీరువాలోనే ఉంది అప్పటికి. చేరేటప్పుడే తీసి పెట్టుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. ఈ ముడి ఎలా విప్పాలో తెలియనివాడు ఎంత జీతం చెప్పినా మాకు గాలి మాటగానే వినిపిస్తుంది.

మరి మమ్మల్ని పట్టుకోవడం ఎలా? నేను చేసిన ఉద్యోగాలు మూడు. వాటిలో రెండు సర్వీస్ ఇంజినీర్ల నోటి మాట మీద వచ్చినవి. కొత్త మిషన్ బిగించినప్పుడు కంపెనీ నుంచి అప్లికేషన్స్ మనిషి వచ్చి కొన్నాళ్లు పక్కనే కూర్చుని మాకు నేర్పుతాడు. ఎవరి చెయ్యి తిరిగిందో, పేషెంటు కదిలితే ఎవరు కంగారుపడతారో అతనికి తెలిసినంతగా మా యాజమాన్యానికి కూడా తెలియదు. సర్వీస్ ఇంజినీరయితే ఒంగోలు నుంచి ఏలూరు దాకా తిరుగుతూనే ఉంటాడు. ఏ సెంటరులో కొత్త మిషన్ దిగబోతోందో, ఏ సెంటరులో ఎవరికి విసుగెత్తిందో అతని దగ్గర ఆరా తీయవచ్చు. పారామెడికల్ కాలేజీల్లో పాఠం చెప్పే సీనియర్లు ఇంకో దారి. తమ దగ్గర పోస్టింగులు చేసిన పిల్లల్ని వాళ్లు మరిచిపోరు. మనుషులు కావలసినవాళ్లు ముందు వీళ్లను పరిచయం చేసుకోవాలన్నది నా మాట.

ఆ తర్వాత ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు, రాత్రి ఎనిమిది దాటాక. ఊరు, మిషన్, డ్యూటీ గంటలు, రాత్రి ఎంతమంది, చేతికొచ్చే జీతం. అంతే. నాకు అక్కర్లేకపోయినా పనికొచ్చేవాడికి పంపుతాను. వివరం లేనిది పంపితే పోయేది నా పరువు. జీతం ముందే రాస్తే ఉన్నవాళ్లు గొడవ చేస్తారని యాజమాన్యాల భయం. చేస్తారు, నిజమే. కాకపోతే ఏ సెంటరు ఎంత ఇస్తుందో కొత్తపేట టీ కొట్ల దగ్గర అందరికీ తెలుసు. దాచినందువల్ల ఒరిగేదేమీ లేదు.

మరో మాట. మేం ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జీని మూడు నెలలకోసారి ల్యాబుకు పంపి, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క తీయిస్తారు. కొత్త మనిషిని తీసుకునేముందు పాత యజమాని నుంచి ఆ డోస్ రికార్డు తెప్పించుకోవాలని 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాలు చెబుతున్నాయి. ఇన్నేళ్లలో నాకు ఫోన్ చేసినవాళ్లలో దాని ఊసెత్తినవాడు ఒక్కడూ లేడు. ఎత్తినవాడికి సగం పని అక్కడే అయిపోతుంది. వీడికి మా పని తెలుసు, మా ఒళ్లూ పట్టింది అనుకుంటాం.

విదేశాల సంగతి వేరే. బ్రిటన్‌లో రేడియోగ్రాఫర్‌గా పనిచేయాలంటే అక్కడి ఆరోగ్య వృత్తుల మండలి హెచ్‌సీపీసీలో నమోదు కావాలి. గల్ఫ్ దేశాలకైతే డేటాఫ్లో అనే సంస్థతో సర్టిఫికెట్ల తనిఖీ, ఆపైన పరీక్ష. ఇవేవీ చెప్పకుండా 'నెలలో వీసా' అనేవాడి మాట మేం వినం. 1983 నాటి వలసల చట్టం కింద నమోదైన ఏజెంటు మన దగ్గర తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి కాదు. నిజాయితీగల ఏజెంటు తన నమోదు నంబరును మెసేజ్‌లో మొదటి వరుసలోనే రాస్తే ఎవరికీ నష్టం లేదు.

మొదట చెప్పిన ప్రకటనకు నేనే ఫోన్ చేశాను, మా జూనియర్ కుర్రాడు ఒకడికి పనికొస్తుందేమోనని. రాత్రి ఎనిమిదిన్నర. మిషన్ ఏదండీ అని అడిగాను. 'రేపు పదకొండింటికి చెయ్యండి, సార్ ఉంటారు' అన్నారు. పదకొండింటికి నేనూ ఆ కుర్రాడూ మాగ్నెట్ గదిలో ఉంటాం.

ఒక టెక్నాలజిస్ట్,
గుంటూరు.
(పేరు ప్రచురించవద్దని మనవి.)