ఇంటికప్పునకు విందు

గృహప్రవేశమునకు రమ్మని పిలువగా పోయి, చైతన్యపురిలో ఒక నూతన భవనపు మూడవ అంతస్తున ఈ వారము విందారగించితిని. వంట మనోహరము, ఆదరము నిష్కల్మషము. వెలుతురు మాత్రమే దుర్భరము. ఫాల్స్ సీలింగునందు 12 వాట్ల గుండ్రని దీపములు 24, వాని చుట్టును నీలిరంగు స్ట్రిప్ లైటు. ఆ స్ట్రిప్పును లెక్కింపకున్నను 288 వాట్లు. అనగా మన తండ్రులనాటి 60 వాట్ల బల్బులు దాదాపు ఐదు. 2015 జనవరి 5న ఉజాలా పథకమును ప్రారంభించి ప్రభుత్వమువారు ఎల్.ఇ.డి. బల్బును చౌకగా పంచిపెట్టినది కరెంటు పొదుపుకొరకు. ఆ పొదుపును మన మధ్యతరగతి గృహస్థు ఇంటికప్పునకు నైవేద్యము పెట్టినాడు.

ఇది ఒక్క యింటి ముచ్చట కాదు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో నడచుట మొదలైనది మొదలు, సాయంత్రపు రైలులో విక్టోరియా మెమోరియల్ స్టేషను నుండి దిల్‌సుఖ్‌నగర్ దాటువరకు కిటికీప్రక్క నిలిచినవానికి పైఅంతస్తుల హాళ్లు కంటికెదురుగనే సాగిపోవును. ఎక్కడ చూచినను ఒకే తెలుపు, నీలిచాయ తగిలిన తెలుపు.

అంగళ్లలో కూల్ డేలైటని అమ్మునది 6500 కెల్విన్లది. పాత తంతుబల్బు 2700 ప్రాంతమున వెలిగెడిది. ఎల్.ఇ.డి. గర్భమున నున్నది నీలికాంతి. దానిపై పూసిన ఫాస్ఫరుపొడి కొంత నీలిని పసుపుగా మార్చగా, రెండును గలసి కంటికి తెలుపుగా తోచును. ఆ నీలి డయోడును సాధించినందుకు అకాసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము వచ్చినది. వారి ప్రతిభకు నమస్కారము. కాని వారు ఆవకాయ నెరుగరు. ఈ మిశ్రమకాంతిలో ముదురెరుపు కొరత, చౌకబల్బులలో మరింత కొరత. అందుచేత నాటి విస్తరిలో ఆవకాయ ఎరుపు చచ్చి, తడిసిన ఇటుకపొడివలె నుండెను. నూనె తేటలో మెరసినవి నాతలపైని దీపముల తెల్లని చుక్కలే. ఎదుటి పంక్తిలోని పెద్దమ్మలకు, పిన్నమ్మలకు కన్నులక్రింద నీడలు పడి, పట్టుచీరల జరీ సైతము వెలవెలబోయెను.

విందునకు వలసినది స్వల్పము. 3000 కెల్విన్లకు మించని 9 వాట్ల బల్బొకటి డైనింగ్ టేబులుపై రెండున్నర అడుగుల ఎత్తున వ్రేలాడదీసి, గోడమూల నింకొకటి వెలిగించి, కప్పులోనివన్నియు ఆర్పిన చాలును. దీపపు దూరము సగమైనచో వెలుతురు నాలుగురెట్లగునని హైస్కూలులో అందరమును చదివినవారమే. కప్పు నిండ దీపములు దిగగొట్టించువారు దానిని పరీక్ష వ్రాసినరోజే మరచిరి. ఇంటాయనకు ఈ మాట చెప్పబోగా, భోజనమునకు వచ్చిన ఎలక్ట్రీషియను "వార్మ్ పెడితే ఇల్లు డల్ కొడ్తది సార్, ఫొటోలు మంచిగ రావు" అని అడ్డుపడెను. భుజించువారి సంగతి ఆయన యెత్తనే లేదు.

అయినను ఇంటివారిని నిందించి ప్రయోజనమేమి? పగలంతయు ఆ తెల్లదీపముల క్రిందనే మసలుటచే వారి కంటికి అదియే వెలుతురని స్థిరపడినది. కొత్తపేట, చైతన్యపురి సందులలో పెక్కుచోట్ల చేయి చాచిన ప్రక్కయింటి కిటికీ ఊచ తగులును. మిట్టమధ్యాహ్నము స్విచ్చి వేయనిదే పోపులపెట్టెలో ఆవాలేవో మెంతులేవో తెలియవు. స్థలపు కొలతను, భవనపు ఎత్తును బట్టి చుట్టును ఎంత విడువవలెనో 2012 ఏప్రిల్ 7వ తేదీ 168వ నంబరు జీ.వో. పట్టికలు వేసి మరీ చెప్పినది. కాని అంతకుముందు 2007 చివర ఒక క్రమబద్ధీకరణ పథకము, ఆ తరువాత 2015లో మరొకటి వచ్చి, సెట్‌బ్యాకు మ్రింగినవారు రుసుము చెల్లించినచో క్షమింతుమని ఆశపెట్టినవి. అట్టి క్షమాభిక్ష మరల నిచ్చు దినము వచ్చినచో నాదొక్క విన్నపము: సంతకము చేయు అధికారి పట్టపగలు ఆ వంటయింటిలో పీట వేసికొని కూర్చుండి, దీపమార్పి, సోలెడు బియ్యములో రాళ్లేరి చూపిన పిమ్మటనే కాగితముపై ముద్ర పడవలెను.