కంటిపాపల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది!

ఎదుటివారెవరో చెప్పేదాకా తమ కంటిపాపల్లో తేడా ఉన్నట్టు చాలామందికి తెలియదు. తెలిశాక కొందరు మెదడులో ఏదో జబ్బు వచ్చిందని బెంగపడతారు. మరికొందరు చూపు బాగానే ఉంది కదా అని ఊరుకుంటారు. ఈ రెండూ సరికావు. తేడా ఉండటం కన్న అది ఎప్పుడు వచ్చింది, దానితోపాటు ఇంకేమి వచ్చాయి అన్నదే ముఖ్యం.

కంటిపాప అంటే నల్లగుడ్డు మధ్యనున్న గుండ్రని రంధ్రం. చుట్టూ ఉన్న రంగుపొరలోని కండరాలు వెలుతురులో దానిని ముడుస్తాయి, చీకట్లో విప్పుతాయి. ఈ కండరాలను నడిపే నరాలు మెదడు నుంచి వస్తాయి. అందుకే పాపలను చూసి వైద్యులు మెదడు పరిస్థితిని కూడా కొంత అంచనా వేస్తారు.

సుమారు అయిదుగురిలో ఒకరికి ఏ జబ్బూ లేకుండానే పాపల్లో కొద్ది తేడా ఉంటుంది. సాధారణంగా ఇది ఒక మిల్లీమీటరుకు మించదు. వెలుతురులోనూ చీకట్లోనూ దాదాపు ఒకే విధంగా ఉంటుంది. దీనికి మందు అవసరం లేదు. మీ పెళ్లి ఫొటోనో, దగ్గరగా తీసిన మరో పాత ఫొటోనో భూతద్దంతో చూడండి. అందులోనూ ఇదే తేడా ఉంటే చాలావరకు దిగులు పడనక్కరలేదు.

కొత్తగా ఒక పాప పెద్దదైతే ముందు కంట్లో ఏమైనా పడిందేమో ఆలోచించండి. కంటి పరీక్షకు వేసే చుక్కలు పాపను పెద్దవి చేస్తాయి. వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త కూడా ఒకటి. ఆ ఆకులు కోసిన చేత్తో కన్ను నలుపుకున్నా పాప విప్పారి, దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తాయి. కంటికి దెబ్బ తగిలినా, శుక్లం ఆపరేషన్ జరిగినా తేడా మిగిలిపోవచ్చు.

ఇక అశ్రద్ధ చేయకూడని లక్షణాలు వినండి. పాప పెద్దదై, రెప్ప వాలి, ఒకటి రెండుగా కనిపిస్తూ, విపరీతమైన తలనొప్పి వస్తే, మెదడులోని రక్తనాళం బుడగలా ఉబ్బి నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. పాప చిన్నదై, రెప్ప కొద్దిగా వాలి, మెడనొప్పి కూడా ఉంటే మెడలోని రక్తనాళం లోపలి పొర చీలి ఉండవచ్చు. కన్ను ఎర్రబడి, నొప్పితో వాంతులవుతూ, దీపాల చుట్టూ రంగు వలయాలు కనిపిస్తే అది నీటికాసులు కావచ్చు. ఆలస్యమైతే చూపే పోతుంది.

అన్నిటికన్న ముఖ్యం తలకు తగిలే దెబ్బ. స్కూటరు మీద నుంచి పడిన మనిషి లేచి బాగానే మాట్లాడవచ్చు. కొన్ని గంటల తర్వాత మత్తుగా ఉండి, వాంతులు చేసుకుని, ఒక పాప పెద్దదైతే పుర్రెలోపల రక్తం చేరుతున్నదని అనుమానించాలి. "పడుకోనివ్వండి, తెల్లవారాక చూద్దాం" అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చండి.

ఈ ప్రమాద లక్షణాలేవీ లేకపోయినా, కొత్తగా వచ్చిన తేడాను ఆలస్యం చేయకుండా కంటి వైద్యునికి చూపించాలి. ఇంట్లో మిగిలిన చుక్కల మందులుగాని, ఆముదంగాని కంట్లో వేయకండి. అంతకుముందు వాడిన మందులన్నీ వైద్యునికి చెప్పండి. పాత ఫొటో కూడా వెంట తీసుకువెళ్లండి.