మన అక్షరాలు ఆప్షనలా?

మా మోరిస్‌విల్‌లో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే మాటలు మూడింటి చుట్టూనే తిరుగుతాయి: వీసాలు, ఇళ్ళ ధరలు, పిల్లల లెక్కల క్లాసులు. మొన్నొక ఆదివారం చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్ చూస్తూ నేను నాలుగోది ఎత్తాను. "గ్నూప్లాట్‌ని సోర్సు నుంచి కంపైల్ చేస్తే తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయి, ఎవరికైనా అనుభవమా?" అని. అక్కడున్న ఆరుగురిలో ఐదుగురిది సాఫ్ట్‌వేరు. ఆరో ఆయన సాఫ్ట్‌వేరులో రిటైరైన మనిషి. అందరిదీ ఒకటే జవాబు.

"ఎందుకు బాస్ ఆ తంటా? ఇంగ్లీషులో పెట్టెయ్."

ఈ టపా ఆ ఒక్క మాట మీద.

ముందు కథ చెప్తాను. బాపట్లలో ఉన్న మా అమ్మకి షుగరు. రోజూ రెండు అంకెలు డైరీలో రాసుకుంటుంది, పరగడుపున ఒకటి, తిన్నాక ఒకటి. శనివారం ఫోనులో చదివి వినిపిస్తే నేను ఒక ఫైల్లో కొట్టి, గ్నూప్లాట్‌తో రెండు గీతలు గీసి వాట్సాప్‌లో పంపుతాను. అమ్మది తెలుగు మీడియం ఎనిమిదో తరగతి. కాబట్టి గీతల పేర్లు తెలుగులోనే పెడతాను. మూడేళ్ళుగా ఏ గొడవా లేదు.

సంక్రాంతికి కంప్యూటరు మార్చాను. పాత డబ్బాలోంచి హోమ్ ఫోల్డరు మొత్తం మూటగట్టి తెచ్చి, 2023 డిసెంబరులో వచ్చిన గ్నూప్లాట్ ఆరో వెర్షను మీద మోజుతో సోర్సు దింపి కంపైల్ చేశాను. ఒక్క ఎర్రరు లేదు. నా పాత స్క్రిప్టు నడిపితే మాత్రం "పీఎన్‌జీకైరో అనే టెర్మినల్ నాకు తెలీదు" అంది. సరే, ఆ చోట ఉత్త పీఎన్‌జీ అని మార్చాను. బొమ్మ వచ్చింది. సరిగ్గా చూడకుండా పంపేశాను.

అమ్మకి అందినదాంట్లో "తిన్నాక" అన్నచోట ఒక న, పక్కన పొల్లు, దాని పక్కన ఇంకో న, ఆ పక్కన ఒంటరిగా దీర్ఘం. పేర్లు చదవలేక, ఏ గీత ఏదో రంగు చూసి ఊహించుకుంది. తిన్నాక వచ్చిన 182ని పరగడుపున వచ్చిందనుకుని, కంగారుపడి రెండు రాత్రులు అన్నం మానేసింది. మాత్ర మాత్రం వేసుకుంది! మూడో రోజు పొద్దున చెమటలు పట్టి కళ్ళు తిరిగితే పక్కింటావిడ పంచదార నీళ్ళు తాగించిందట. ఈ విషయం నాకు చెప్పింది కూడా అమ్మ కాదు, ఆ పక్కింటావిడ.

ఇప్పుడు చెప్పండి, ఇంగ్లీషులో పెట్టెయ్యనా?

అసలేం జరిగిందో చూద్దాం. ఇంగ్లీషు అక్షరాల్ని వరసగా పక్కపక్కన పేరిస్తే మాట అయిపోతుంది. తెలుగుని పేరిస్తే చాలదు, కూర్చాలి. న, పొల్లు, న, దీర్ఘం అని నాలుగు సంకేతాలు వస్తే వాటిని "న్నా" అనే ఒక్క ఆకారంగా మార్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. దాన్ని పిలిచేది పాంగో. గ్నూప్లాట్‌లో పీఎన్‌జీకైరో టెర్మినల్ ఈ దారినే పోతుంది. ఉత్త పీఎన్‌జీ టెర్మినల్ జీడీ అనే వేరే లైబ్రరీతో గీస్తుంది. నా డబ్బాలో ఉన్నదానికి పేర్చడమే తెలుసు. పైథాన్‌వాళ్ళ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌దీ ఏళ్ళ తరబడి ఇదే కథ.

మరి నా కొత్త కంప్యూటర్లో ఆ టెర్మినల్ ఎందుకు లేదు? కాన్ఫిగర్ చివర ఒక జాబితా వస్తుంది, మనమెవరం చదవం. అందులో కైరో టెర్మినళ్ళకి ఎదురుగా "నో" అని ఉంది. ఎర్రరు కాదు, హెచ్చరికా కాదు. అవి ఆప్షనల్, దొరకలేదు, వదిలేసి ముందుకెళ్ళింది. ఇంగ్లీషువాడికి దానివల్ల పోయేది గీతల నునుపు. మనకి పోయింది ఒత్తులు, గుణింతాలు.

పాంగో, కైరోల డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ఎక్కించాను. అయినా "నో". కాన్ఫిగ్ లాగ్ తెరిస్తే తెలిసింది: లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పాల్సిన పీకేజీ కాన్ఫిగ్ నా సిస్టమ్‌ది కాదు. ఎప్పుడో పైథాన్ కోసం దింపుకున్న పెద్ద మూటలోది. నా పాత్‌లో అది ముందుంది, తన ఇల్లు తప్ప పక్కిల్లు చూడదు. దాన్ని పాత్‌లోంచి తీసేసి, సోర్సు ఫోల్డరు శుభ్రం చేసి, మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి "యెస్".

పండగే అనుకున్నాను. నడిపితే, పాంగో లైబ్రరీలో "హెచ్‌బీ ఫాంట్ సెట్ వేరియేషన్స్" అనే సింబల్ దొరకలేదని పడిపోయింది. హెచ్‌బీ అంటే హార్ఫ్‌బజ్. ఎల్‌డీడీతో చూస్తే, పాంగో సిస్టమ్‌ది, కొత్తది. హార్ఫ్‌బజ్ మాత్రం ఎక్కడో ఆప్ట్ కింద ఒక పాత ఫోల్డరులోంచి వస్తోంది. రెండు హార్ఫ్‌బజ్‌ల పేరూ ఒకటే, చివరి సున్నాతో సహా. లోడరు చూసేది పేరే. ఇంటిపేరు కలిసింది కదా అని ఎవరినో పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టినట్టు, ముందు దొరికినదాన్ని తెచ్చింది.

ఆ పాత ఫోల్డరు ముందుండేలా చేసిందెవరు? నా బ్యాష్ఆర్సీలో ఎల్‌డీ లైబ్రరీ పాత్ అని ఒక లైను. అయిదేళ్ళ కిందట ఏదో పని గట్టెక్కడానికి ఎక్కడినుంచో కాపీ కొట్టి నేనే పెట్టుకున్నాను. పాత డబ్బాలో పాంగో కూడా పాతదే కాబట్టి గొడవ బయటపడలేదు. లైను తీసేశాను. అక్షరాలు కలిశాయి. మొత్తం మీద ఒక సాయంత్రం పట్టింది. మా అమ్మ రెండు రాత్రులు పస్తుంది.

"ఇదంతా ఎందుకు, కంటైనర్లో పెట్టుకోవచ్చుగా" అన్నాడొక మిత్రుడు. పెట్టుకోవచ్చు, ఒకసారి సరిగ్గా కట్టినదాన్ని చెదరకుండా ఉంచడానికి అది మంచిదే. కానీ లోపల పాంగో లేకుండా కడితే విరిగిన అక్షరాలే చెదరకుండా ఉంటాయి. ఊరగాయ బూజు పట్టాక జాడీకి వాసెన కట్టినట్టు. "స్ప్రెడ్‌షీట్‌లో గీసెయ్" అన్నాడు ఇంకొకడు. నిజమే, ఆ పూటకి పనవుతుంది. కానీ సాఫ్ట్‌వేరు మీద బతికే మనం, సాఫ్ట్‌వేరు మన భాషని విరగ్గొడితే చేసేది పక్కదారి వెతకడమేనా?

2018 ఫిబ్రవరి గుర్తుందా? జ్ఞ గుణింతంలోని ఒక అక్షరం వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ప్రపంచమంతా తెలుగు పేరు వార్తల్లోకెక్కింది. మనం నవ్వుకుంటూ ఫార్వర్డులు చేసుకున్నాం. ఆపిల్ అదే నెలలో సవరణ విడుదల చేసింది. తెలుగు వల్ల యంత్రం పాడైతే నెల తిరక్కుండా బాగుపడింది. యంత్రం వల్ల తెలుగు పాడైతే ఏళ్ళు గడుస్తాయి, ఎందుకంటే ఫిర్యాదు చేసేవాడు లేడు. చెయ్యాల్సినవాళ్ళం పార్కులో కూర్చుని ఇంగ్లీషులో పెట్టెయ్యమంటున్నాం.

పాంగో మొదలుపెట్టినవాళ్ళలో ఒకరు రెడ్ హ్యాట్‌లో పనిచేసిన ఓవెన్ టేలర్. లోహిత్ తెలుగు ఫాంటు విడుదల చేసిందీ రెడ్ హ్యాటే. ఆ కంపెనీ ముఖ్య కార్యాలయం మా పక్కనే, రాలీలో. ఎవరో మన లిపిని కూర్చే యంత్రం కట్టి ఉచితంగా గుమ్మంలో పెట్టారు. దాన్ని మన డబ్బాలో సరిగ్గా బిగించుకునే ఓపిక కూడా మనకి లేకపోతే తప్పు వాళ్ళది కాదు. ఇంటర్నెట్ తొలిరోజుల్లో రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్ళు ఆర్‌టీఎస్ తయారుచేసుకున్నప్పుడు ఇందులో పదోవంతు సదుపాయం లేదు. అప్పుడు వాళ్ళకీ "ఇంగ్లీషులో రాసెయ్" అని సలహా ఇచ్చినవాళ్ళు ఉండే ఉంటారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఏ గీతల ప్యాకేజీ కంపైల్ చేసినా కాన్ఫిగర్ చివరి జాబితా చదవండి. "స్త్రీ" అని ఒక్క మాట రాసి చూడండి. మూడు హల్లులు, ఒక గుడి దీర్ఘం, అది కలిస్తే అన్నీ కలిసినట్టే. కలవకపోతే ఎల్‌డీడీతో ఏ లైబ్రరీ ఎక్కడినుంచి వస్తోందో చూడండి. బ్యాష్ఆర్సీలో ఆ లైను ఉంటే, ఎందుకు పెట్టారో గుర్తు లేకపోతే, తీసెయ్యండి. తప్పు మీ డబ్బాది కాక ప్యాకేజీది అయితే, దాన్ని రాసేవాళ్ళకి బొమ్మతో సహా చెప్పండి. వాళ్ళకి తెలుగు రాదు, విరిగిందని మనం చెప్తేనే తెలిసేది.

కొత్త బొమ్మ పంపాక అమ్మ ఫోను చేసింది. "ఈసారి చదివాను రా. తిన్నాకది ఆ పసుపు గీత కదూ? కళ్ళకి ఆనట్లేదు, రంగు మార్చు" అంది.

మార్చాను. ఈసారి పంపేముందు చూసుకున్నాను కూడా.