రికార్డరును అమ్మివేయకముందు

మన ఊరి తెలుగువారి ఇండ్లలో టెలివిజను క్రింది అరలో ఒక డి.వి.డి. రికార్డరు పలు సంవత్సరములుగ ఉలుకు పలుకు లేక పడియుండుట అరుదు కాదు. ఒకప్పుడు ముచ్చటపడి కొన్న వస్తువది. నేడు చలనచిత్రములు చేతిలోని ఫోనులోనికే వచ్చుచుండుటచే దాని అవసరము తీరినదని తలచి, పాతసామానుల దుకాణమునకు పంపుటకు పలువురు సిద్ధపడుచున్నారు. ఇప్పుడే పంపవలదని మా మనవి. దానివలన కావలసిన పని ఇంకను ఒకటి మిగిలియున్నది. ఆ పనికి అడ్డము వచ్చుచున్నది యంత్రములోని లోపము కాదు; తెరమీద అది మాటలాడు భాష.

ఆ పని యేదనగా, బీరువాలలో మూలుగుచున్న వి.హెచ్.ఎస్. క్యాసెట్లను డిస్కులకు ఎక్కించుట. వానిలో పెండ్లిండ్లు, సీమంతములు, గృహప్రవేశములు, షష్టిపూర్తులు ఉన్నవి. చూచువారికి నగలు, పట్టుచీరలు, పందిరి అలంకారములు కనబడును. కాని వాని అసలు విలువ, వెనుకనుండి వినవచ్చు మాటలలో నున్నది. ఒక ముసలమ్మ కోడలిని కేకవేసిన తీరు, ఇద్దరు వియ్యంకులు పరిహాసమాడుకొన్న ధోరణి, వడ్డించువారు పంక్తిలో పలికిన మాటలు, పిల్లలను గదమాయించిన గదమాయింపులు, ఇవియే మన రాజపాళయపు తెలుగు. కొన్ని శతాబ్దముల క్రిందట ఉత్తరమునుండి వచ్చి ఇచట స్థిరపడిన కుటుంబములు, చుట్టును తమిళము వెల్లివిరియుచుండగా, ఇంటిలో నిలుపుకొనుచు వచ్చిన నుడి యిది. దీనిని బడిలో ఎవరును నేర్పలేదు. పుస్తకములలో ఎక్కలేదు. నోటినుండి చెవికి, చెవినుండి నోటికి వచ్చినదే.

మన ఊరివారైన శ్రీ పి. ఎస్. కుమారస్వామి రాజాగారు 1949 మొదలు 1952 వరకు మదరాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగ నుండిరి. అట్టి పెద్దల మాటలకు శాసనసభ ప్రచురణలలో చోటు దొరకును. వంటయింటిలో మాటలాడిన తల్లికి, నేతమిల్లునుండి వచ్చి అరుగుమీద కూర్చుండి కబుర్లాడిన తండ్రికి అట్టి చోటు ఎచ్చటనున్నది? ఉన్నచో ఆ క్యాసెట్టులోనే యున్నది.

రాబోవు తరమువారు ఈ నుడిని తమంత తామే నిలుపుకొందురని నమ్మి ఊరకుండుట తగదు. తమిళనాడు శాసనసభ 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టము, ఆ సంవత్సరపు ఒకటవ తరగతితో మొదలిడి, ఏటేట ఒక్కొక్క తరగతిగ తమిళమును తప్పనిసరి పాఠముగ చేసినది. తమిళము మనకు అన్నము పెట్టు నేల భాష. దానిని నేర్చుటపై మనకు అభ్యంతరము లేదు. అయినను తెలుగు లిపికి బడిలో నున్న చోటు ఇరుకైనదన్న మాట దాచదగినది కాదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అది ప్రభుత్వములకు చెప్పిన మాట. మన బీరువాలోని క్యాసెట్టును కాపాడుమని ఏ అధికరణమును ఎవరికిని చెప్పదు. అది మన పనియే.

కాలము మనకొరకు ఆగదు. క్యాసెట్టులోని నాడాకు పూసిన అయస్కాంతపు పూత, దానిని పట్టియుంచు జిగురు, వేడికిని తేమకును చెడును. మూసిన పెట్టెలో బూజు పట్టును. క్యాసెట్టు బాగున్నను దానిని ఆడించు యంత్రము దొరకుట కష్టము. వి.సి.ఆర్. యంత్రములను కడపటివరకు తయారుచేసిన జపాను సంస్థ 2016 జూలైతో ఆ పని మానుకొన్నది. నాడాలమీది సంగతులను 2025వ సంవత్సరములోపల వేరొక రూపమునకు మార్చనిచో పెక్కు నశించునని ఆస్ట్రేలియా దేశపు చలనచిత్ర ధ్వని భాండాగారమువారు ముందుగనే హెచ్చరించిరి. ఆ సంవత్సరమును గడచిపోయినది. ఇంకను ఆడుచున్న వి.సి.ఆర్. ఎవరి యింటనైన నున్నచో అది ఊరివారందరి సొత్తుగ భావింపదగినది.

పని చేయు విధము కష్టమైనది కాదు. వి.సి.ఆర్. వెనుకనున్న పసుపు, ఎఱుపు, తెలుపు రంగుల తీగలను రికార్డరు యొక్క లోపలి మార్గమునకు తగిలించి, మెనూలో ఆ మార్గమును ఎంచుకొని, క్యాసెట్టును ఆడించుచు రికార్డు మీట నొక్కవలెను. మూడు గంటల క్యాసెట్టు మూడు గంటలును ఆడవలసినదే, తొందరపెట్టుటకు వీలులేదు. 4.7 గిగాబైట్ల డిస్కులో మేలైన నాణ్యతతో ఒక గంట, మధ్యరకముగ రెండు గంటలు, తక్కువ రకముగ నాలుగు లేక ఆరు గంటలు పట్టును. డిస్కు ఖర్చు మిగులునని ఆరుగంటల రకమును ఎంచుకొన్నవారికి ముఖములు మసకబారును. రెండు గంటలకు ఒక డిస్కు చొప్పున వాడుటయే మేలు.

ఇంతవరకు చేయగలిగినవారును తరువాతి మెట్టున చిక్కుపడుచున్నారు. రికార్డు చేసిన డిస్కును, అది తయారైన యంత్రములో తప్ప ఇతర ప్లేయర్లలో చూడవలెనన్నచో, సాధారణముగ దానికి కడపటి ముద్ర వేయవలెను. మెనూలో దానిని ‘ఫైనలైజు’ అందురు. అది లేని డిస్కు, రిజిస్ట్రారు ముద్ర పడని దస్తావేజువంటిది. లోపల సంగతి యంతయు నుండును, పరులయెదుట చెల్లదు. రికార్డరు పాడైనను, పాతసామానులలో పోయినను, ముద్ర పడని డిస్కులు మూగవోవును. కాబట్టి యంత్రమును అమ్మదలచినవారు మొదట పాత డిస్కులన్నిటిని అందులో పెట్టి, ఒక్కొక్కదానికి ముద్ర పడినదో లేదో చూచుకొనవలెను. ఈ వ్యాసమున మరేమియు గుర్తుండకున్నను ఈ ఒక్క మాట గుర్తుంచుకొనుడని పాఠకులను వేడుచున్నాము.

ఆ మెనూలోనే, కొన్ని యంత్రములలో అదే వరుసలో, మరియొక మాట కనబడును: ‘ఇనిషియలైజు’, లేక ‘ఫార్మాటు’. మరల మరల వ్రాయదగిన డిస్కు లోపలనున్నప్పుడు దానిని నొక్కినచో ఉన్నదంతయు చెరిగిపోవును. ఒకటి కాపాడు మాట. రెండవది తుడిచివేయు మాట. ఇంగ్లీషు రానివారికి ఇవి రెండును పొడుగైన, ఒకే తీరున ముగియు పరాయి మాటలు. తరువాత యంత్రము ‘నిశ్చయమేనా?’ అని అడుగు ప్రశ్నయు ఇంగ్లీషులోనే యుండును. ఇట్టి తెరముందు కూర్చున్న పెద్దలు భయపడి రిమోటును ప్రక్కకు పెట్టుటలో వింత లేదు. అది తెలివితక్కువ కాదు, వివేకమే. అదే తెరమీద ‘ముద్రవేయు’ అనియు, ‘అంతయు చెరుపు’ అనియు నున్నచో పొరబడువా రెవరు?

ఈ యంత్రములకు తెలుగు బొత్తిగ తెలియదనుటయు సరికాదు. డిస్కులోని మాటలను ఏ భాషలో వినవలెనో ఎంచుకొను చోట, ముఖ్యభాషల పేర్ల తరువాత ‘ఇతరములు’ అని యుండును. దానికి నాలుగంకెల సంఖ్య నీయవలెను. ఒక రకపు యంత్రములలో తెలుగు సంఖ్య 2005, తమిళపు సంఖ్య 2001. మరియొక రకమున తెలుగు 8469, తమిళము 8465. మొదటివి ఇంగ్లీషు అక్షరమాలలో టి, ఇ అను అక్షరముల వరుససంఖ్యలు. రెండవవి కంప్యూటరు ఆ అక్షరములకు పెట్టుకొన్న సంఖ్యలు. కోట్లమంది భాష పుస్తకము చివరి పట్టికలో ఒక సంఖ్యగ మిగిలినది. అయినను యంత్రమును నిందించి కూర్చుండుటవలన లాభములేదు. తెరమీద లేని మాటలను మనమే కాగితముమీద వ్రాసికొనవచ్చును.

దీనికి మూడు ఆక్షేపణలు రావచ్చును. దుకాణమున ఇచ్చినచో వారే చేసియిత్తురుగదా యని మొదటిది. చేసియిత్తురు, నిజమే. కాని మాటలాడుచున్నది ఎవరో, ఏ ఇంటివారో, ఏ సందర్భమో దుకాణమువారికి తెలియదు. మొదటి పెండ్లి, రెండవ పెండ్లి అని పేర్లు పెట్టి, మాటలున్నచోట సినిమాపాట నతికించి ఇచ్చుటయు కలదు. మనకు కావలసినది ఆ మాటలే.

డిస్కుల కాలమే ముగిసినది, ఇక దానిమీద శ్రమయేల యని రెండవ ఆక్షేపణ. డిస్కు శాశ్వతమని మేమనుట లేదు. దానిలోని రంగుపూతయు కాలక్రమమున చెడునదే. డిస్కు నడిమి మజిలీ మాత్రమే. అచటినుండి కంప్యూటరుకును, వేర్వేరు ఇండ్లలో నుంచిన రెండు హార్డుడిస్కులకును ప్రతులు పోవలెను. కంప్యూటరుకే నేరుగ ఎక్కించు సాధనము గలవారు అట్లే చేయవచ్చును. అది లేనివారికి ఇంటిలోనున్న యంత్రమే దిక్కు.

ఇంటి పిల్లలకు ఇంగ్లీషు వచ్చునుగదా, మెనూను తెలుగు చేయుట యేల యని మూడవది. చిక్కంతయు ఇచటనే యున్నది. మీటలు తెలిసిన మనుమనికి క్యాసెట్టులోని ముసలమ్మ పలికిన మాటకు అర్థము తెలియదు. అర్థము తెలిసిన అవ్వకు మీటలు తెలియవు. ఒకరు లేక ఒకరు చేసిన పని సగము పనియే. ఇద్దరును ఒకే తెరయెదుట మూడుగంటలు కూర్చుండుటకు ఒక ఉమ్మడి మాటల పట్టిక కావలెను. క్యాసెట్టు తొందరపడదనుట ఇచట మేలే అగును. అవ్వ చెప్పుటకును, మనుమడు వ్రాసికొనుటకును వ్యవధి దొరకును.

కాబట్టి మన సంఘమువారు ఒక చిన్న పత్రమును అచ్చువేయించి సభ్యులకు పంచవలెనని సూచించుచున్నాము. మెనూలోని ఇరువది, ముప్పది మాటలకు సరియైన తెలుగు మాటలు అందుండవలెను. కొత్తగ కల్పించిన బరువైన సంస్కృత సమాసములు వలదు. చెరుపు, ఆపు, పేరు పెట్టు, కాపుపెట్టు, ఏ తీగనుండి, ముద్రవేయు, ఇట్టి ఇంటి మాటలే చాలును. చెరుపు మాటలను ఎఱ్ఱసిరాతో అచ్చువేయవలెను.

ఆ పత్రము తెలుగు, తమిళ లిపులు రెంటిలోను ఉండవలెను. పొరుగున శ్రీవిల్లిపుత్తూరులో వెలసిన గోదాదేవి కథను కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగ తెలుగున రచించెను. ఆ ఊరి ప్రక్కన నివసించు మన పిల్లలలో పలువురు ఆ గ్రంథము అట్టమీది పేరునైన చదువలేరు. వారికి తమిళ లిపిలో నిచ్చుట నేటి అవసరము. కాని తమిళ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరము. మన ‘పాట’యు, ‘బాట’యు అందు ఒకే తీరున కనబడును. తెలుగు అక్షరమును ప్రక్కన నుంచినచో ఈ భేదము కంటికి తెలియును. వరుసగ ముప్పది మాటలు చదువునప్పటికి కొన్ని అక్షరములైనను పట్టుపడును. డిస్కుల అట్టలమీదను అట్లే రెండు లిపులలో పేరు, తేదీ, మాటలాడినవారి వరుస వ్రాయవలెను. రికార్డరు తెరమీద ఇంగ్లీషు అక్షరములతోనే పేరు పెట్టుకొనవలసియుండును గాన, అట్టమీది వ్రాతయే మనకు ఆధారము.

పత్రమునకు ఖర్చు స్వల్పము. దానితోబాటు, పనిచేయు వి.సి.ఆర్. ఒకటియు, రికార్డరు ఒకటియు సంఘపు గదిలో నుంచి వారమునకు ఒక సాయంకాలము తెరచియుంచినచో, యంత్రములు లేని కుటుంబములవారును తమ క్యాసెట్లను తెచ్చుకొందురు. క్యాసెట్టులో గొంతు వినబడుచుండగా, ‘ఇది ఫలానా వారి మేనత్త’ అని చెప్పగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారు ఉండగనే ఆ పేర్లు అట్టమీద పడవలెను. ఇందుకు సంఘమువారు వచ్చు సమావేశముననే ఒక నిర్ణయము చేయుదురని ఆశించుచున్నాము.