మా పిన్ని ‘థర్డ్ పార్టీ’ కాదట!

కారున్న ప్రతి కుటుంబానికీ, బండి వెనక భార్యాబిడ్డల్ని ఎక్కించుకు తిరిగే ప్రతి ఒక్కరికీ విజ్ఞప్తి

పోయిన వారం తీర్పు కాపీ చేతికొచ్చింది. తొమ్మిది లక్షల చిల్లర, దాని మీద వడ్డీ. మా పిన్ని ప్రాణానికి ట్రిబ్యునల్ కట్టిన లెక్క అది. ఆ డబ్బు ఇవ్వాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీ కాదట, కారు యజమాని అట. ఆ యజమాని మా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య.

మూడేళ్ల కిందట కార్తీక మాసంలో శ్రీశైలం వెళ్లి తిరిగి వస్తున్నారు. దోర్నాల వైపు ఘాట్ దిగుతుండగా మలుపులో కారు అదుపు తప్పి పిట్టగోడను కొట్టింది. ఎదురుగా లారీ లేదు, బస్సు లేదు, అడ్డమొచ్చిన గేదె కూడా లేదు. వెనక సీట్లో ఉన్న పిన్ని అక్కడికక్కడే పోయింది. నడుపుతున్న అన్నయ్యకు చెయ్యి విరిగింది. లైసెన్సు ఉంది. మందు వాసన లేదు. ఇన్సూరెన్స్ గడువు ఇంకా ఐదు నెలలుంది. సీ బుక్కు నుంచి పొల్యూషన్ కాగితం దాకా అన్నీ చూసిన పోలీసాయన, “కాగితాలు కరెక్టుగా ఉన్నాయి, మీకు క్లెయిము వస్తుంది” అన్నాడు. మేమూ అదే నమ్మాం.

కేసు వేసేటప్పుడు కారు యజమానిని ప్రతివాదిగా పెట్టాలన్నారు వకీలుగారు. “పేరుకేలే అన్నయ్యా, కట్టేది కంపెనీయే” అని పిన్ని కొడుకులు అన్నయ్యకు చెప్పి సంతకాలు పెట్టారు. తీరా విచారణలో కంపెనీ వకీలు చెప్పింది ఒక్కటే మాట: ఇది థర్డ్ పార్టీ పాలసీ, కారులో కూర్చున్న మనిషి థర్డ్ పార్టీ కాదు. అంతే, కంపెనీ బయటికి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ తమ్ముళ్లు తీర్పు సొమ్ము వసూలుకి అన్న మీద ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వెయ్యాలి. వేస్తే అన్నయ్య ఇల్లు జప్తుకొస్తుంది. వెయ్యకపోతే తల్లి పోయిన ఇంటికి పైసా రాదు. పెద్దకర్మ నాడు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఏడ్చినవాళ్లు ఈ రోజు ఒకరి గుమ్మం ఒకరు తొక్కడం లేదు.

ఆ పాలసీ కాపీ నా ముందే ఉంది. వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ లోపు కారు కనుక థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, జీఎస్టీ కలిపితే 4,031. బండి పాతబడింది, ఫుల్ ఇన్సూరెన్స్ దండగ, థర్డ్ పార్టీ చాలు అన్నాడు ఏజెంటు. ఈ మాట మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మీరూ ఇంకొకరికి చెప్పే ఉంటారు. నేనూ చెప్పాను, ఒకసారి కాదు, చాలాసార్లు.

మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ కట్టి తీరాలన్నది ఈ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే. మన కారు గుద్ది దారిన పోయేవాళ్లు చనిపోయినా గాయపడినా ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంత కంపెనీ కట్టాలి, దానికి పరిమితి లేదు. వాళ్ల గోడో బండో పాడైతే కారు పాలసీలో ఏడున్నర లక్షల దాకా వస్తుంది. అది లేకుండా బండి తిప్పితే మొదటిసారి రెండు వేల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇక మన కారుకి తగిలే దెబ్బ, దొంగతనం, అగ్గి, వరద, వీటికి ఓన్ డ్యామేజీ అని వేరే ఇన్సూరెన్స్ ఉంది, థర్డ్ పార్టీతో అది కూడా కలిస్తే ఫుల్ ఇన్సూరెన్స్ అంటాం. కట్టడం కట్టకపోవడం మన ఇష్టం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఈ తేడా చాలామందికి తెలిసొచ్చింది. ఇంజన్లో బురద చేరిన కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నవాడు కంపెనీని అడగగలిగాడు. థర్డ్ పార్టీతో సరిపెట్టుకున్నవాడికి తన కారు కోసం అడగడానికి ఏమీ మిగల్లేదు.

అది నష్టమే. అయినా దాని మీద నాకు పేచీ లేదు. నా కారు ఇనుము నాది, దానికి ఇన్సూరెన్స్ కట్టుకోవాలో వద్దో నా ఇష్టానికి వదిలేయడం న్యాయమే. నా కారులో కూర్చున్న మనిషి ప్రాణం కూడా ఆ బంపరుతో పాటే ‘ఇష్టముంటే’ జాబితాలో ఎలా చేరింది? నేను అడుగుతున్నది ఇదొక్కటే.

కట్టి తీరాల్సిన ఇన్సూరెన్సు కింద ఎవరెవరు వస్తారో చూడండి. రోడ్డు మీద నడిచేవాడు వస్తాడు, రావాల్సిందే. టికెట్టు కొని బస్సెక్కినవాడు వస్తాడు. లారీలో తన మిర్చి బస్తాల వెంట గుంటూరు యార్డుకు పోయే రైతు 1994 సవరణతో వచ్చాడు, మంచి పని చేశారు. 2019లో మళ్లీ సవరించి లారీలాంటి రవాణా వాహనాల డ్రైవరునీ, పక్కన పనిచేసే మనిషినీ ‘థర్డ్ పార్టీ’ అన్న మాటలోకి తెచ్చారు. అదే నిర్వచనంలో ప్రభుత్వం అంతకుముందే ఉంది! సర్కారువారు థర్డ్ పార్టీ. సొంత కారు వెనక సీట్లో ఒళ్లో ప్రసాదం పొట్లం పెట్టుకుని కూర్చున్న మా పిన్ని మాత్రం కాదు.

కారు లేనివాళ్లు ఇది మాకు సంబంధించింది కాదనుకోవద్దు. మోటారు సైకిల్ వెనక కూర్చున్న మనిషిదీ ఇదే గతి. స్కూటర్ వెనక ఊరికే ఎక్కి వెళ్లేవాళ్లకు థర్డ్ పార్టీ పాలసీ వర్తించదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బండి జారి వెనక కూర్చున్న భార్య పోతే, మొగుడి దగ్గరున్న ఆ పాలసీ ఆమెకు చెల్లదు. ఇంకో వాహనం వచ్చి గుద్దితే, తప్పు దానిదైతే, దాని ఇన్సూరెన్స్ ఇస్తుంది. మన బండే జారితే? మన టైరే పగిలితే? మనవాడే కునుకు తీస్తే? ఎంతమంది తెల్లవారుజామున తిరుపతి నుంచి వస్తూ డివైడరెక్కి పోవడం లేదు? ఆ వార్తల్లో ఇంకో బండి ఉండదు. ఒకే కారు, ఒకే కుటుంబం.

ఈ ఘోరం ఎక్కడిదో కూడా చెప్పాలి. మన 1939 చట్టంలోని ఇన్సూరెన్స్ అధ్యాయానికి మూలం బ్రిటన్‌లో 1930లో చేసిన చట్టం. ఇక్కడ 1946 జూలై 1 నుంచి అమలైంది. కార్లు జమీందార్లకూ దొరలకూ మాత్రమే ఉన్న రోజులవి. కారులో కూర్చునేవాడు కలిగినవాడు, దారిన పోయేవాడు పేదవాడు, కాబట్టి దారిన పోయేవాడికి రక్షణ చాలనుకున్నారు. 1977లో పుష్పాబాయి కేసులో సుప్రీంకోర్టు, కిరాయికి కాకుండా కారులో తీసుకెళ్లే మనిషికి ఇన్సూరెన్స్ ఉండి తీరాలని చట్టం అనడం లేదంది. 1988లో చట్టం మొత్తం కొత్తగా రాశారు. సొంత కారులో కూర్చున్నవాడికి అప్పుడూ చోటు దొరకలేదు. 2007లో మీనా వరియాల్ కేసులో మళ్లీ అదే మాట. మనకు ఈ చట్టం నేర్పిన బ్రిటన్ ఏం చేసింది? 1971లోనే ఇంకో చట్టం చేసి, కారులో కూర్చున్నవాళ్లకు ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసింది. దొరలు తమ తప్పు దిద్దుకుని యాభై ఏళ్లు దాటింది. వాళ్లు పారేసిన తప్పును మనం ఇంకా మోస్తున్నాం.

కంపెనీలు ఇవ్వలేక ఇవ్వడం లేదా? అదీ కాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే కారులో కూర్చున్నవాళ్లకూ బాధ్యత ఉందని 2009లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ కంపెనీలన్నింటికీ సర్క్యులర్ పంపింది. 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను పట్టించుకుని తీర్పిచ్చింది. అంటే ఇవ్వగలరు, ఇస్తున్నారు, ఫుల్ కట్టినవాడికి. మా అన్నయ్య బంపరుకి ఇన్సూరెన్స్ కట్టి ఉంటే మా పిన్నికి డబ్బు వచ్చేది! తల్లికి రక్షణ కావాలంటే ముందు బంపరుకి డబ్బు కట్టాలని ముడిపెట్టింది ఎవరు? పాత కారున్నవాడు, సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కున్నవాడు, నెలాఖరుకి అప్పు చేసేవాడు బంపరు సంగతి వదులుకుంటాడు. బంపరుతో పాటు తన ఇంటి మనుషుల్ని కూడా వదులుకుంటున్నానని వాడికి ఎవరూ చెప్పరు. పాలసీలో అది చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఇది మోసం కాకపోతే మోసమంటే ఏమిటో చెప్పండి.

ఒకే ఒక్కసారి ఒక న్యాయస్థానం గట్టిగా కదిలింది. 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు ముందుకు మా పిన్ని కేసులాంటిదే వచ్చింది. కారులో ఉన్న మనిషి పోయాడు, ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ. ట్రిబ్యునల్ వేసిన 14 లక్షలకు పైగా సొమ్ము కంపెనీ కట్టనక్కర్లేదని చట్టం ప్రకారం చెప్పక తప్పలేదు. అది చెప్పి ఊరుకోకుండా, సెప్టెంబరు 1 నుంచి అమ్మే ప్రతి కొత్త బండికీ డ్రైవరు, ప్రయాణికులు, యజమాని అందరికీ వర్తించేలా ఐదేళ్ల బంపర్ టు బంపర్ ఇన్సూరెన్స్ ఉండాలని ఆదేశించింది. కంపెనీలు, బళ్లు తయారుచేసేవాళ్లు గోల పెట్టారు. ఆచరణలో కుదరదన్నారు. అదే సెప్టెంబరులో కోర్టు ఆ ఆదేశం వెనక్కి తీసుకుంది, ఈ పని చేయాల్సింది చట్టసభ అని వదిలేసింది. చట్టసభ ఇంతవరకు చెయ్యలేదు.

ప్రీమియం పెరుగుతుంది, బీదవాడు కట్టలేడు అని వాదించేవాళ్లున్నారు. లెక్క చెబుతాను. 2002 నాటి మోటార్ టారిఫ్ పుస్తకంలో కారు ప్రయాణికుడికి లక్ష రూపాయల ప్రమాద బీమాకి రాసిన రేటు ఏడాదికి యాభై రూపాయలు. ఐదు సీట్లకు తలా రెండు లక్షలైతే ఐదు వందలు. మనం దారిలో ఒక్కసారి టిఫిన్‌కి ఆగితే అయ్యే ఖర్చు. జనం చదువుకుని సంతకం పెట్టాలి కదా అనేవాళ్లకు నేను జవాబు చెప్పను. ముందు వాళ్ల పాలసీ తెరిచి నాకు తెలుగులో చదివి వినిపించమనండి.

మేం కోరుతున్నది పెద్ద గొంతెమ్మ కోరిక కాదు. 147వ సెక్షన్‌లో సరుకు యజమానిని చేర్చిన చోటే కారులో కూర్చున్నవారిని, బండి వెనక కూర్చున్నవారిని చేర్చాలి. పార్లమెంటు తలుచుకుంటే ఒక్క వాక్యం. అది జరిగేదాకా నియంత్రణ సంస్థ ప్రతి థర్డ్ పార్టీ పాలసీ మొదటి పేజీలో, తెలుగునాట అమ్మేదాని మీద తెలుగులో, సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక అంత పెద్ద అక్షరాల్లో వేయించాలి: ఈ పాలసీలో మీ కారులో కూర్చున్నవారికి పైసా రాదు. రెన్యూవల్ చేసే ఏజెంటు ఆ వాక్యం చదివి వినిపించి, దాని కింద సంతకం పెట్టించుకోవాలి. రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ ప్రతి ఆర్టీవో ఆఫీసు గోడ మీదా ఆ వాక్యం రాయించాలి. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, రంగు డబ్బా చాలు.

అంతదాకా మీరు చెయ్యాల్సింది ఈ రాత్రే చెయ్యండి. కారు డాష్‌బోర్డులో ఉన్న పాలసీ కాగితం తీసి చూడండి. పైన ‘లయబిలిటీ ఓన్లీ’ అని ఉంటే మీదీ మా అన్నయ్య పాలసీయే. ‘అన్‌నేమ్డ్ ప్యాసింజర్స్’ అన్న వరుసలో అంకె ఉందో, సున్నా ఉందో చూడండి. సున్నా ఉంటే పొద్దున్నే ఏజెంటుకి ఫోన్ చేసి అది కలిపించండి. అది ట్రిబ్యునల్ వేసేంత సొమ్ము ఇవ్వదు, రాసుకున్న మొత్తమే ఇస్తుంది, అయినా ఏమీ లేనిదానికంటే నయం. స్తోమత ఉంటే ఫుల్ కట్టండి. నడిపే యజమానికి ఉండాల్సిన 15 లక్షల ప్రమాద బీమా ఉందో లేదో కూడా అందులోనే చూసుకోండి.

తర్వాత మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. ఆంధ్రప్రదేశ్‌కి ఇరవై ఐదుగురు, తెలంగాణకి పదిహేడుగురు, మొత్తం నలభై ఇద్దరు లోక్‌సభలో ఉన్నారు. వాళ్లలో ఒక్కరు లేచి ఈ సవరణ అడిగినా చాలు. మా పిన్ని పేరు చెప్పనక్కర్లేదు, 147వ సెక్షన్ అంటే సరిపోతుంది. ఈ కాగితం చదివాక పారెయ్యకండి. మీ వీధిలో కారున్న ఇంకో ఇంటికి ఇవ్వండి, వాళ్లు ప్రయాణం కట్టకముందే.