మాంటిస్సోరి బోర్డు, అమ్మ హోంవర్క్

ఎల్‌కేజీ పిల్లకి హోంవర్క్ ఇవ్వడమంటే తల్లికి పని పురమాయించడమే. ఈ మాట సూటిగా అనడానికి మనకెందుకో మొహమాటం. నాలుగేళ్ళ పిల్ల తనంతట తాను డైరీ చదువుకోలేదు, రెండు పేజీల అక్షరాలు దిద్దలేదు. పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ ఒకరు ఎవరో చెప్పనక్కర్లేదు.

ఆ పనిని మాంటిస్సోరి పేరు మీద చేయించడం నాకు మరీ కష్టంగా ఉంటుంది. మా అమ్మాయి చదివిన బడి బోర్డు మీద ఆ పేరు పెద్ద అక్షరాల్లో ఉండేది. లోపల బెంచీలు, బట్టీ, రోజూ మూడు నోటుపుస్తకాల హోంవర్క్. డైరీలో ప్రతిరోజూ తల్లి సంతకం, ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం. చాకిరీ ఎవరిదో, అధికారం ఎవరిదో ఆ రెండు గడులే చెప్పేవి.

మరియా మాంటిస్సోరి ఎవరు? 1896లో రోమ్‌లో డాక్టరు పట్టా పుచ్చుకుని, ఆ ఏడాదే బెర్లిన్ మహిళా మహాసభలో స్త్రీలకు సమాన వేతనం కావాలని మాట్లాడిన మనిషి. 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లోరెంజో అనే పేదల పేటలో ఆమె మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచింది. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు గోడలు, మెట్లు పాడుచేస్తున్నారన్నది ఆ ఇళ్ళ యజమానుల బాధ. ఆమె చూసింది వేరే. తల్లి ఒక్కతే మోసే పనిని అందరి పనిగా మార్చొచ్చని, పిల్లల్ని నిశ్చింతగా వదిలి స్త్రీలు పనికి వెళ్ళొచ్చని ఆనాడే చెప్పింది. తల్లులకి ఆ బడి నియమాలు పెట్టకపోలేదు. పిల్లల్ని శుభ్రంగా పంపాలి, వారానికోసారి టీచరుతో మాట్లాడాలి. ఇంటిదగ్గర పాఠం చెప్పాలని మాత్రం అందులో లేదు.

ఆ పద్ధతిలో హోంవర్క్‌కి చోటు లేకపోవడానికి కారణముంది. పిల్ల తన పని తానే ఎంచుకుంటుంది. గరుకు కాగితపు అక్షరాల మీద వేలు పోనిస్తుంది. కొయ్యదిమ్మ తప్పు గుంటలో పెడితే చివరికి ఒకటి మిగిలిపోతుంది, తప్పు తనకే తెలుస్తుంది. దిద్దే పెద్దవాళ్ళ అవసరం తగ్గించడమే అక్కడి కిటుకు. హోంవర్క్‌కి దిద్దే మనిషి లేనిదే గడవదు.

1993లో యశ్‌పాల్ కమిటీ ప్రాథమిక తరగతుల్లో ఈ రకం హోంవర్క్ వద్దంది. 2020 స్కూలు బ్యాగు విధానం రెండో తరగతి వరకూ వద్దంది. అయినా బడులు ఇస్తూనే ఉన్నాయి, ఎందుకంటే ఆ శ్రమకి జీతం లేదు. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు అందులో గడుపుతున్నారు. దాని పైన బడి మరో గంట చేరుస్తోంది. మనలో రాసుకునేవాళ్ళకి ఆ గంట విలువ తెలుసు. ఎన్ని కథలు ఆ నోటుపుస్తకాల కింద నలిగిపోయాయో!

ఇంగ్లీషు రాని తల్లి సంగతి ఇంకా ఘోరం. హోంవర్క్ చేయకపోతే దెబ్బలు పిల్లకి, అవమానం తల్లికి, ట్యూషన్ ఫీజు ఇద్దరి తిండిలోంచి. అటువైపు, చాలని జీతానికి పనిచేసే టీచరమ్మ రాత్రి ఇంట్లో ఆ పుస్తకాలే దిద్దుతూ ఉంటుంది. మనల్ని ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పి యాజమాన్యం నిశ్చింతగా ఉంది.

"ఇంట్లో చదివించకపోతే వెనకబడిపోతుంది" అంటారు. బడిలో అన్ని గంటలు కూర్చోబెట్టి నేర్పలేనిది, పొయ్యి మీద అన్నం చూసుకుంటూ అమ్మ నేర్పాలా?

మాంటిస్సోరి తరగతిలో మగపిల్లలు కూడా గ్లాసులు కడుగుతారు, బల్లలు తుడుస్తారు, గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటారు. ఇంటిపనిని ఆమె బడిలోకి తెచ్చి గౌరవమిచ్చింది. మన బడులు బడిపనిని ఇంటికి పంపి ఆడవాళ్ళ నెత్తిన పెట్టాయి. ఆ బోర్డు ఉంచుకోదలిస్తే ఆ హోంవర్క్ ఆపమని, పేరెంట్స్ మీటింగులో టీచరమ్మల్ని మన పక్కన నిలుపుకుని, యాజమాన్యాన్నే అడుగుదాం.